ప్లానులో లేని నుయ్యి

మా సారు ఎవరినీ గట్టిగా తిట్టేవారు కాదు. అదే ఆయనతో చిక్కు. గోదావరి జిల్లా మనిషి. మాటకి ముందు అమ్మా, మాట చివర అండీ. నన్ను ఏడిపించిన మాటలన్నీ ఏరి కుప్ప పోస్తే, సగానికి సగం ఆ అమ్మాకీ అండీకీ మధ్య నుంచి వచ్చినవే.

ఆయన ప్లాన్లు గీసే సర్వేయరు. ఇల్లు కట్టాలన్నా, షెడ్డు వెయ్యాలన్నా, గోడౌను లేపాలన్నా ముందు ప్లాను గీసి ఆఫీసులో పెట్టి అప్రూవల్ తెచ్చుకోవాలి కదా, ఆ పని. వన్ టౌన్‌లో పప్పుల హోల్‌సేల్ కొట్టు పైన రెండు గదులు. మెట్లెక్కుతుంటే కందిపప్పు దుమ్ము, ఎక్కేక అమ్మోనియా కంపు. ప్లాన్లు ప్రింటు తీసే మిషను లోపలి గదిలో ఉండేది. అందులో అమ్మోనియా పోస్తే కళ్ళు మండి నీళ్ళు కారేవి. అది ఒక రకంగా మంచిదే. ఆ ఆఫీసులో నేను నిజంగా ఏడ్చినప్పుడు ఎవరికీ తెలిసేది కాదు.

తొంభైలు సగం దాటేక అక్కడ చేరాను. పదో క్లాసు లెక్కల్లో తప్పాను. మా నాన్న పోర్టులో కళాసీ, నడుం పట్టేసి మంచం మీద ఉన్నాడు. సారు నా చేతిరాత చూసి, "చదువు రాకపోయినా అక్షరం గుండ్రంగా ఉందమ్మా, పనికొస్తావు" అని పెట్టుకున్నారు. అడుగున ట్యూబ్‌లైటు వెలిగే అద్దం బల్ల. దాని మీద సారు పెన్సిలుతో గీసిన కాగితం, ఆ పైన మైనం కాగితంలా ఉండే ట్రేసింగు పేపరు. కింది గీతలు పైకి కనిపిస్తుంటే ఇంకు పెన్నుతో వాటి మీద గీసుకుపోవడం నా పని.

తప్పు గీస్తే రబ్బరుతో పోదు. బ్లేడు సగానికి విరిచి, కాగితం చిరక్కుండా ఇంకుని గీకాలి. గీకినచోట నూగు లేస్తుంది. దాన్ని గోటితో రుద్ది రుద్ది నున్నగా చెయ్యాలి. లేకపోతే అక్కడ మళ్ళీ గీసినప్పుడు ఇంకు నాలుగువైపులా పాకిపోతుంది. ఆరు నెలల్లో నా గీకుడు ఎలా ఉండేదంటే, వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూస్తే తప్ప ఎవరూ కనిపెట్టలేరు. పని చేస్తూనే వాగుతూ ఉండేదాన్ని. బస్సులో చూసినవి, వీధిలో విన్నవి, అన్నీ. సారు నవ్వి ఊరుకునేవారు. "నీ నోరు ఆగితే చెయ్యి కూడా ఆగిపోద్దమ్మా, నడవనీ."

ఒక రోజు ఎరువుల వ్యాపారి ఒకాయన వచ్చాడు. వన్ టౌన్‌లోనే పెద్ద కొట్టు ఆయనది. మెడలో పులిగోరు, చేతిలో బెల్లం జిలేబీల పొట్లం. సారుని మొదటి రోజే "బావా" అనేశాడు. బావా అన్నప్పుడల్లా మా సారు ముఖం వేపకాయ నమిలినట్టు అయ్యేది, కానీ జిలేబీ మాత్రం తీసుకునేవారు. తగరపువలస దాటేక హైవే పక్కన స్థలం కొన్నాడట. ఎరువులూ పురుగుమందులూ నిలవ చెయ్యడానికి పెద్ద గోడౌను కట్టాలి. సారు మనుషుల్ని తీసుకెళ్ళి కొలతలు కొలిచి, పెన్సిలు ప్లాను గీసి నా బల్ల మీద పెట్టారు.

సగం ట్రేసింగు అయ్యేక నా చెయ్యి ఆగింది. కాలవ ఒంపు. తాటిచెట్ల వరస. కాలిబాట. బాట చివర చిన్న చదరం, దాని పక్కన చిన్న సున్నా.

"సార్! ఇది మా అత్త నుయ్యండీ!" అని కేకేశాను. మనూరి ముఖం టీవీలో కనిపించినప్పుడు అరుస్తాం చూడండి, అలాగ. సంబరం తప్ప ఇంకేమీ లేదు నాకు అప్పటికి.

మా అత్త అంటే నాన్నకి అక్క. మొగుడు పోయిన మనిషి, పిల్లల్లేరు. ఊరికి చివర తాటాకు పాక, ఒక గేదె, నాలుగు మడుల ఆకుకూరలు, ఒక నుయ్యి. ఆ చుట్టుపక్కల ఐదారు పాకలవాళ్ళు తాగే నీళ్ళు కూడా ఆ నూతిలోవే. మా అమ్మ పోయేక ఐదేళ్ళు నన్ను పెంచింది. పెంచింది అంటే ముద్దులాడింది అనుకోకండి. "మీయమ్మ సచ్చి సుకపడిపోనాది, నిన్ను నా నెత్తినెట్టీసి" అని పొద్దున్నే మొదలెట్టేది. జడ వేస్తే తలలోంచి రక్తం వచ్చేంత లాగేది. కానీ తను తినకముందు నాకు పెట్టేది. అది కూడా తిడుతూనే పెట్టేది. నాకు ఈ లోకంలో ఎవరి మీద ప్రాణం అంటే ఆవిడ మీదే.

నా కేక విని వ్యాపారి లేచొచ్చి బల్ల మీదకి వంగాడు. "మీ యత్తదా? అయితే మనింటి పిల్లే గదా ఇది, బావా!"

సారు జిలేబీ తినడం పూర్తి చేసి వేళ్ళు తుడుచుకున్నారు. "మంచిది. అయితే దాన్ని తీసెయ్యమ్మా."

"దేన్ని సార్?"

"బావిని. పురుగుమందులుండే గోడౌనుకి దగ్గర్లో తాగే నీళ్ళ బావి ఉండకూడదు. మనుషులుండే ఇల్లు ఉండకూడదు. ఉంటే ప్లాను పాసవదు."

"మరి ఉంది కదండీ."

"కాగితం మీద ఉందమ్మా. అందుకే కదా బ్లేడు కొనిచ్చాను."

వ్యాపారి పగలబడి నవ్వాడు. సారు నవ్వలేదు. ఆయన జోకులు వేస్తున్నాననుకునేవారు కాదు. "ఇంటికి పన్ను రసీదు ఉందా మీ అత్తకి?" అని అడిగారు.

"తాటాకు పాక సార్, దానికి రసీదేంటండీ."

"రసీదు లేనిది ఇల్లెలా అవుద్దమ్మా? గేదె ఉందా?"

"ఉందండీ."

"అయితే పశువుల పాక అని రాయి. చూశావా, అబద్ధం కూడా కాదు."

వ్యాపారి ఒక జిలేబీ తీసి నా చేతిలో పెట్టాడు. "బేగి కానీయమ్మా. మీ ఊరోల్లకే మంచిది. యూరియా కోసం తగరపువలసలో లైన్లు కట్టక్కర్లేదు."

నేను గీకాను. ఎందుకు గీకావు అని మీరు అడగొచ్చు. ఇప్పటికీ నేనే అడుక్కుంటాను. నాన్న మందులు, గది అద్దె, ఈ ఉద్యోగం పోతే చేపల మార్కెట్లో బుట్ట మొయ్యాలి, అవన్నీ నిజాలే. కానీ ఆ నిమిషంలో అవేవీ గుర్తు రాలేదు. బ్లేడు చేతిలో ఉంది, చెయ్యమన్నారు, చేశాను. చాలా నున్నగా చేశాను కూడా. పశువుల పాక అని గుండ్రంగా రాశాను. సారు వెలుతురుకి పట్టుకుని చూసి, "బంగారం" అన్నారు.

ఆ రోజంతా నేను మాట్లాడలేదు. కింద పప్పుల కొట్టువాడు కూడా అడిగాడు, జ్వరమా అని.

ఆదివారం నాన్న పడుకున్నాక తెల్లకాగితం మీద అర్జీ రాశాను. ఫలానా చోట కట్టబోయే మందుల గోడౌను పక్కన తాగే నుయ్యి ఉంది, ప్లానులో చూపించలేదు, అయ్యగారు స్వయంగా వచ్చి చూడాలి అని. పేరు రాయలేదు. కింద ఆకాశరామన్న అని కూడా రాయలేదు, ఖాళీగా వదిలేశాను. అప్రూవల్ ఇచ్చే ఆఫీసు అడ్రసు రాసి పోస్టు చేశాను. డబ్బాలో కవరు పడిన చప్పుడు విని, ఏదో పెద్ద పని చేసినదాన్లా పానీపూరీ తినేసి ఇంటికొచ్చాను. అంత బుద్ధి నాకు.

పదిహేను రోజులకి సారు బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. "ఎవరో అర్జీ పెట్టారమ్మా. ఆఫీసరు గారు గురువారం స్థలం చూడ్డానికి వస్తున్నారు. టేపు పట్టుకోడానికి నువ్వు కూడా రా. మీ ఊరే కదా, దారి తెలుసు."

భయం సగం, ఆనందం సగం. ఆఫీసరు కళ్ళతో చూస్తే ఇంకేముంది? నుయ్యి ఎక్కడికి పోతుంది? అది జేబులో పెట్టుకునేది కాదు కదా.

మా ఊరి నుంచి ఆకుకూరల గంపతో రోజూ వన్ టౌన్‌కి వచ్చే ఒకామె ఉండేది. ఆమెతో అత్తకి కబురు పంపాను. "గురువారం ఆఫీసరొత్తన్నాడు, నీ నుయ్యి సూత్తాడు, ఇంటికాడే ఉండు అని సెప్పు." ఆమె చేత రెండుసార్లు అప్పచెప్పించుకున్నాను. ఆమె ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. ఆమె తప్పేమీ లేదు.

తప్పు నాది. నేను ఆ ఊళ్ళో ఐదేళ్ళు పెరిగీ ఒక సంగతి మర్చిపోయాను. మా ఊరికి కాగితం పట్టుకుని ఎవడొచ్చినా అందరూ ముందు చేసేది దాచడం. ఒకసారి ఎవరో వచ్చి, ఎవరికి ఏమేమి ఉన్నాయో రాసుకుపోయారు. ఊళ్ళో ఒకాయన గొప్పకి పోయి తన నూతినీ, రెండు గేదెల్నీ, గోడ గడియారాన్నీ చూపించాడు. మూడు నెలల్లో అతని తెల్లకార్డు తీసేశారు, రేషన్ బియ్యం పోయాయి. అప్పటి నుంచి జీపు చప్పుడు వినిపిస్తే చాలు, సైకిలు గడ్డివాములోకి, రేడియో గోలెంలోకి, గేదె తాటితోపులోకి వెళ్ళిపోయేవి. చిన్నప్పుడు ఆ రేడియోని గోలెంలో పెట్టింది నేనే. అయినా గుర్తు రాలేదు.

గురువారం జీపు దిగి చూద్దును కదా, నుయ్యి లేదు.

మా అత్త నూతికి గట్టు ఉండేది కాదు. నేలకి సమానంగా ఉంటుంది, పైన రెండు తాటిదుంగలు అడ్డంగా వేసి ఉంటాయి, వాటి మీద నిలబడి తోడుకోవాలి. ఆ దుంగల మీద తాటాకులు పరిచి, తాటాకుల మీద పిడకల గూడు కట్టేసింది. నా ఎత్తు పిడకల గూడు, గుండ్రంగా, పైన కప్పుతో సహా. తాడూ బకెట్టూ లేవు. పక్క పాకలవాళ్ళు గుమ్మాల్లో నిలబడి, నోట్లో చుట్టలు పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు చూస్తున్నారు.

ఆఫీసరు కర్చీఫు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "నుయ్యి ఎక్కడమ్మా?"

మా అత్త చేతులు రెండూ జోడించి, నడుం వంచి, ఎప్పుడూ లేని గొంతు పెట్టింది. "నుయ్యా? మాకేటి నుయ్యి బాబూ! సెరువుకాడికెల్లి తెచ్చుకుంతాం. మేం ఎక్కడ, నుయ్యి ఎక్కడ బాబూ!"

"ఇక్కడ తాగే నుయ్యి ఉందని అర్జీ వచ్చింది."

"ఎవలో పాపిట్టోడు రాసుంతాడు బాబూ. మామీద కల్లల్లోన నిప్పులోసుకునేవోల్లు సాలామంది ఉన్నారు."

వ్యాపారి ముఖం చూడాలి ఆ క్షణం. ముందు ఏమీ అర్థం కాలేదు, తరవాత అర్థమైంది, తరవాత నవ్వు ఆపుకోలేక కాలవ వైపు తిరిగిపోయాడు. సారు మాత్రం నా వైపే చూస్తున్నారు. ఆ అర్జీ రాసింది నేనని ఆయనకి తెలుసేమో అని నాకు అప్పుడు తట్టలేదు. టేపు రెండో కొస నా చేతిలో ఉంది. పిడకల గూడు నాకు రెండు బారల దూరంలో ఉంది.

"ఏంటమ్మా, అలా నిలబడిపోయావు?" అన్నారు సారు, చాలా మెత్తగా. "ఇది మీ ఊరే కదా. నువ్వు చెప్పు. ఇక్కడ బావి ఉందా?"

ఆఫీసరు నా వైపు తిరిగాడు. మా అత్త కూడా తిరిగింది. ఆఫీసరు చూడకుండా నాకు కన్ను కొట్టింది. నేను పంపిన కబురుకి ఆవిడ ఎంత తెలివిగా పని చేసిందో చూడమని.

నేను నోరు తెరిస్తే మా అత్త అందరి ముందూ అబద్ధాలకోరు. ఆఫీసరుతో అబద్ధం ఆడిన మనిషి. కార్డు పోతుంది, బియ్యం పోతాయి, ఊళ్ళో తలెత్తుకోలేదు, అదీ నావల్ల. పొద్దున్నుంచి రాత్రిదాకా పనికిమాలినవన్నీ వాగే నోరు నాది. ఆ ఒక్కసారి పెదవులు అంటుకుపోయాయి.

"నాకు తెలీదండీ" అన్నాను.

ఆఫీసరు వెంట వచ్చిన రైటరు కాగితం రాశాడు. ఈ స్థలం దగ్గర నుయ్యి లేదు, ఉన్నది పశువుల పాక. మా అత్త బొటనవేలికి ఇంకు పూసి ముద్ర వేయించుకున్నారు. ఆవిడ ఎంత శ్రద్ధగా వేసిందంటే, వేలు అటూ ఇటూ దొర్లించి, రేషన్ షాపులో వేసినట్టు వేసింది. పాకలవాళ్ళలో ఇద్దరు సాక్షి ముద్రలు వేశారు.

జీపు ఎక్కబోతుంటే అత్త నన్ను పక్కకి లాగింది. మూటలో వేయించిన వేరుశనక్కాయలు పెట్టింది. "ఒలే గుంటా, బుర్రున్నాదే నీకు. ముందుగా కబురెట్టినావు గాబట్టి సరిపోనాది. నేకపోతే ఈపాటికి నా కార్డు గాల్లో కలిసిపోను. ఆ అర్జీ రాసిన నాకొడుకెవడో గాని ఆడి సేతులిరిగిపోవాల."

వేరుశనక్కాయలు సారు కూడా తిన్నారు, దారిలో.

అప్రూవల్ వచ్చేసింది. గోడౌను లేచింది. రేకుల కప్పు, నీలం గేటు, పోర్టు నుంచి బస్తాల లారీలు. మొదటి ఏడాది మా ఊరివాళ్ళు నిజంగానే సంబరపడ్డారు. లైను కట్టకుండా యూరియా. లారీల్లోంచి జారిన గుళికల్ని మా అత్త చీపురుతో ఊడ్చి డబ్బాలో పోసుకుని తోటకూర మడికి చల్లేది. "మీ సారు దేముడే" అనేది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ నూతిలో నీళ్ళు తోడి నా తల మీద పోసేది. నాకు ఒళ్ళు జలదరించేది. చల్లదనానికి అనుకునేది ఆవిడ.

రెండో ఏడాది వానలకి గోడౌను వెనక గోడ దగ్గర నిలవ ఉన్న బస్తాలూ డబ్బాలూ తడిసి, నీళ్ళు బాటమీదికి వచ్చాయి. గేదె ఆ గుంటలో నీళ్ళు తాగింది. పొట్ట ఉబ్బి, కాళ్ళు బిగదీసుకుని, మా అత్త ఇంట్లోంచి చింతపండు పులుసు తెచ్చేలోపు పోయింది. తరవాత నూతిలో నీళ్ళు మందు వాసన. అన్నం వండితే అన్నానికీ వాసన. పాకలవాళ్ళు ఒక్కొక్కరూ చుట్టాలిళ్ళకి లేచిపోయారు. పోతూ పోతూ, వేలిముద్ర వేసింది నువ్వే కదా అని అత్త ముఖం మీదే అనేసి పోయారు. సాక్షి ముద్రలు వేసినవాళ్ళు కూడా.

అత్త ఒక సీసాలో నూతి నీళ్ళు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "పద, ఆఫీసరికి సూపిద్దాం." సెలవు పెట్టి తీసుకెళ్ళాను. అదే ఆఫీసరు. మా అత్త సీసా బల్ల మీద పెట్టి, అంతా చెప్పింది.

ఆఫీసరు గంట కొట్టి ఫైలు తెప్పించాడు. కాగితం తిప్పి, వేలు పెట్టి చూపించాడు. "ఈ ముద్ర ఎవరిది?"

"నాదే బాబూ."

"ఇక్కడ ఏం రాసుంది? నుయ్యి లేదు. నువ్వే చెప్పావు. లేని నూతిలో నీళ్ళు ఎలా పాడయ్యాయమ్మా?"

గదిలో ఉన్న గుమాస్తాలు నవ్వారు. పెద్దగా కాదు. ఫైళ్ళ వెనక నుంచి, టీ తాగుతూ నవ్వుకునే నవ్వు.

"బయపడి సెప్పినాను బాబూ. కార్డు తీసేత్తారని."

"అంటే ప్రభుత్వానికి అబద్ధం చెప్పావన్నమాట. రాసుకోనా మరి, కేసు పెట్టనా?"

అత్త సీసా తీసుకుంది. బయటికొచ్చాక వరండాలో పూలకుండీలు ఉన్నాయి. నీళ్ళు అందులో పోసెయ్యబోయింది. లోపల్నుంచి గుమాస్తా ఒకడు పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్, ఏయ్ ముసల్దానా, ఆ మొక్కల్లో పొయ్యకు! చచ్చిపోతాయి!"

సీసా నా చేతిలోకి తీసుకున్నాను, అంతే.

ఆ ఎండాకాలం వ్యాపారి మనుషులొచ్చి, తాగడానికి నీళ్ళు లేని చోట ఏం చేస్తావమ్మా అని అత్త చేతిలో ఎంతో కొంత పెట్టి ఆ స్థలం రాయించుకున్నారు. అత్త బట్టల మూటతో మా గదికి వచ్చేసింది. వీధి కుళాయి దగ్గర బిందె పెట్టి తగువులాడటం నేర్చుకుంది. బాగానే నేర్చుకుంది. నూతి మాట మళ్ళీ ఎత్తలేదు, కానీ నీళ్ళు తాగే ముందు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. ఏ గ్లాసైనా సరే.

రెండువేల సంవత్సరం దాటేక వ్యాపారి మళ్ళీ జిలేబీలతో వచ్చాడు. గోడౌను పెంచాలి, మా అత్త స్థలంలోకి. కొత్త రూలు ఒకటి వచ్చిందట, మందుల గోడౌనుకి నిప్పు అంటుకుంటే ఆర్పడానికి దగ్గర్లో నీళ్ళు చూపించాలి. సారు అటక మీంచి పాత ట్రేసింగు దింపి నా బల్ల మీద పరిచారు.

"మొత్తం మళ్ళీ గియ్యక్కర్లేదమ్మా. దీని మీదే కొత్త షెడ్డు కలిపెయ్యి. ఇదిగో, ఇక్కడ బావి వెయ్యి."

వేలు పెట్టి చూపించిన చోటు చూశాను. కింద ట్యూబ్‌లైటు వెలుగుతోంది. ఆ వెలుతుర్లో నేను గీకిన మచ్చ తెల్లగా, వేలిగోరంత కనిపిస్తోంది.

"సార్, అక్కడ బావి లేదు కదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "లేదని కాగితం కూడా ఉంది కదండీ."

"అది తాగే బావి లేదని. ఇది నిప్పార్పే బావి."

"నేను వెయ్యనండీ."

సారు నా మీద కోప్పడలేదు. సొరుగు లాగి, పాత ఫైల్లోంచి ఒక తెల్లకాగితం తీసి ట్రేసింగు పక్కన పెట్టారు. నా అర్జీ. పేరు లేని అర్జీ. అక్షరాలు మాత్రం ప్లాన్ల మీద రాసినట్టే, ఒక్కొక్కటీ గుండ్రంగా, స్కేలు పెట్టినట్టు వరసలో.

"ఈ అక్షరం నేర్పింది నేనే కదమ్మా. ఆఫీసరు గారు ఆ వారమే నాకిచ్చేశారు. నిన్ను టేపు పట్టుకోమని ఎందుకు తీసుకెళ్ళాననుకున్నావు? చెప్తావేమో చూద్దామని. నువ్వు చెప్పలేదు. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల మన దగ్గరే ఉండిపోతుందని." కాగితం మడిచి మళ్ళీ సొరుగులో పెట్టుకున్నారు. "మీ అత్త ఇప్పుడు మీ ఇంట్లోనే ఉంటుంది కదూ? ఇంకా అర్జీ రాసినవాడి చేతులు విరగాలంటుందా?"

ఆ మాట ఆయనకి చెప్పింది నేనే. అంతా వాగేదాన్ని కదా.

కంపాసులో ఇంకు నింపాను. గోటితో రుద్దాలని తెలుసు, రుద్దలేదు. ముల్లు ఆ తెల్లమచ్చ మధ్యలో గుచ్చి సున్నా తిప్పాను. ఇంకు పాకింది. నూగు వెంట సన్నసన్నటి కాళ్ళు వచ్చి, సున్నా కాస్తా నల్లటి పురుగులా అయింది.

సరిగ్గా అప్పుడే అత్త భోజనం క్యారియరు పట్టుకుని మెట్లెక్కింది. రోజూ కింద కొట్టులో ఇచ్చి వెళ్ళిపోయేది, ఆ రోజు కొట్టు మూసి ఉందని పైకి వచ్చింది. వెలుగుతున్న బల్ల చూసి దగ్గరికి వచ్చి వంగింది.

"ఇదేటే?"

"ప్లాను, అత్తా."

"కాలవ లాగున్నాది." వేలు కాగితానికి తగలకుండా పైన ఆడిస్తూ పోయింది. "ఇవి తాటిసెట్లు. ఇది బాట." వేలు ఆగింది. "ఇదేటి?"

"నుయ్యి."

"మన నుయ్యే?"

"ఊఁ."

"నేదని రాసినారు గదే."

"ఇప్పుడు ఉందని రాత్తన్నారు."

అత్త వేలు సున్నా పక్కకి జరిపింది. "మరిక్కడ ఇల్లుండాల." కళ్ళు చికిలించింది. చదువు రాదు ఆవిడకి. "ఇక్కడేటి రాసున్నాది?"

నేను చదవలేదు. సారు చదివారు, కుర్చీలోంచి లేవకుండానే. "పశువుల పాకండీ."

"ఇది గీసింది నువ్వేనేటే?" అని నన్నడిగింది.

"నానే."

"ముందుదీ?"

"ముందుదీ నానే అత్తా."

తిడుతుందనుకున్నాను. జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. చిన్నప్పటిలా లాగి ఒక్కటి కొడితే ఎంత బాగుండునో. ఆవిడ నా చెయ్యి తీసుకుని, వేళ్ళకి అంటిన ఇంకు చూసి, వదిలేసింది. తరవాత తన బొటనవేలు ఆ తడి సున్నా మీద పెట్టింది. అటూ ఇటూ దొర్లించి, రేషన్ షాపులో వేసినట్టు, ఆ పక్కన తెల్లటి చోట ముద్ర వేసింది.

"ఇక్కడ గూడా నా ఏలు కావాలి గదా బాబూ" అంది సారుతో. "మల్లీ నన్ను పిలవడం మీకెందుకు సెమ, ఇప్పుడే ఎట్టేసినాను."

క్యారియరు బల్ల మీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నేను ఇంటికెళ్ళేసరికి మూట లేదు. పోలిపల్లిలో దూరపు చుట్టాలావిడ ఇంట్లో ఉంటోందని తరవాత తెలిసింది. రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ అన్నం పెట్టింది. తిట్టకుండా పెట్టింది.

సారు ట్రేసింగు దగ్గరికొచ్చి ముద్ర చూశారు. బ్లేడు విరిచి, ఒక సగం నాకిచ్చారు.

"సున్నా అలాగే ఉండనీ, పర్లేదు. వేలు తీసెయ్యమ్మా."

గీకాను. వేలిముద్రలో గీతలు ఎంత సన్నంగా ఉంటాయో అప్పటిదాకా నాకు తెలీదు. ఒక్కొక్కటే పోవాలి. ఒకటి పోయింది అనుకుంటే దాని పక్కనే ఇంకోటి. క్యారియర్లో అన్నం చల్లారిపోయింది. అయ్యాక గోటితో రుద్దాను, ఈసారి బాగా రుద్దాను, నున్నగా అయ్యేదాకా. సారు వెలుతురుకి పట్టుకుని చూసి, లోపలి గదిలోకి ప్రింటుకి పంపారు.

ఆ ప్లాను ఒక్క ప్రశ్న లేకుండా పాసయింది.